తొలి గంప చౌడు

జహ్రా అనే అరబ్బు ఊళ్లో నేను కారు నడిపే ఇంటి వెనక ఒక మట్టి ఇల్లుంది. యజమాని తండ్రి పుట్టింది అందులోనే. ముందు రెండంతస్తుల మేడ లేచినా ముసలాయన దాన్ని కూల్చనివ్వలేదు. ఒక్క దూలం అమ్ముకునే అవసరం కూడా ఆయనకు రాలేదు. కారు కడుగుతూ ఆ కప్పు కేసి చూసినప్పుడల్లా నా కడుపు మండేది. మా మిద్దె దూలాలు మా నాన్న కాలంలోనే ఒక్కొక్కటిగా ఊళ్లో వాళ్ల ఇళ్లకెక్కాయి.

మా కడప వైపు వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పరుస్తారు, నీళ్లు దిగకుండా. తొలి గంప ఇంటి పెద్ద చేత్తోనే పడాలి. మా తాత వేశాడు, మా నాన్న వేశాడు. నా వంతు వచ్చేసరికి మిద్దె లేదు.

చలికాలం వానలకు ముందు ఆ కప్పు బాగుచేయాలని ముసలాయన మట్టిపని తెలిసిన మేస్త్రీని వెతకమన్నాడు. దొరికినవాడు మా ఊరివాడే. వాళ్ల తాత మా మిద్దెకు చౌడు పరిచేవాడు.

"ఉప్పు నేల గదా సామీ ఈడ, చౌడుకేం కరువు?" అన్నాడు కార్లో. "మనూర్లో మిద్దెలన్నీ పాయ. ఈళ్లది సూడు, ఎట్ల నిలబడిందో!"

"బెల్టు పెట్టుకో," అన్నాను.

తొలి గంప సంగతి మేస్త్రీ చెబితే నేనే అరబ్బీలో ముసలాయనకు చెప్పాల్సి వచ్చింది. ఆయనకు తెగ నచ్చింది. కొడుకులనూ మనవళ్లనూ కప్పు మీదికి పిలిపించాడు. ఒక్క మిద్దెకు అంతమంది వారసులు! నేను ఇస్త్రీ చొక్కాతో పిట్టగోడ పక్కన నిలబడ్డాను.

మేస్త్రీ గంప నింపాడు. తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. గంప ఎత్తుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఎయ్ సామీ."

చిన్నప్పుడు వాళ్ల తాత మా నాన్నకు అలాగే అందించడం చూసినవాడు. గంప నా చేతుల్లో పెట్టాక గానీ పొరపాటు తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. మనవడొకడు కిసుక్కున నవ్వాడు. ముసలాయన నవ్వలేదు, నా చేతులకేసే చూస్తున్నాడు.

కొంచెం వంచితే చాలు, తొలి గంప నా చేత్తోనే పడుతుంది. నేను నిటారుగా నడిచి వెళ్లి గంప ఆయనకు అందించాను. ఆయన కుమ్మరించి, "యల్లా!" అన్నాడు. కొడుకులు, మనవళ్లు వంతులవారీగా వేశారు.

"తప్పయిపాయ సామీ," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "నీకూ ఒక గంప నింపేదా?"

"వద్దు. అది వాళ్ల మిద్దె."

ఆ వారంలోనే పెద్ద వాన పడింది. ఒక్క చోటైనా కారుతుందేమోనన్న ఆశతో మట్టి ఇంట్లోకి వెళ్లి, తల పైకెత్తి ప్రతి మూలా వెతికాను. ఎక్కడా చుక్క రాలలేదు.