నలభై మూడు రేకు బిళ్లలు

ఫిబ్రవరి 11, ఉదయం 6.40. మా ట్రక్కు నది ఒడ్డు క్యాంపులో ఆగింది. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ నుంచి ఐదు గంటలు. వాన పట్టి నాలుగో రోజు. నాకు ఇరవై ఏళ్లు. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతూ, రిజర్వు సైన్యంలో మెడిక్‌గా ఉన్నాను. నా కిట్‌లో ఆరు సెలైన్ సీసాలు, ఇరవై బ్యాండేజీలు.

క్యాంపు కంచె అవతల ఊరు. మూడు తరాల కిందట ఇంగ్లండు కుటుంబాలు కట్టుకున్నది. రాతి చర్చి, గులాబీలు, దిబ్బ మీద హాలు. జనం నలభై మూడు మంది. హాలు గోడకు నలభై మూడు మేకులు. వరదొస్తే, హాలుకు చేరినవారు తమ పేరున్న రేకు బిళ్లను మేకుకు తగిలించాలి.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆర్డరు: ఊరిని హాలుకు చేర్చి లెక్క చెప్పాలి. ఉన్నది ఒక్క బోటు. క్యాంపులో రేడియో చూసేది మా క్లాసువాడే, గుంటూరు వాళ్లబ్బాయి. 2.10కి హాల్లో ఉన్న నన్ను రేడియోలో పిలిచాడు.

“లెక్కల మేడమ్, కౌంట్ ఎంత? మేజర్ అరుస్తున్నాడు. బోటు కింది ఫామ్‌కి పంపాలంట.”

“ఫార్టీ త్రీ. అందరూ ఇన్.”

“మళ్లీ చూశావా?”

“రెండుసార్లు చూశాలేవోయ్. పంపించెయ్.”

రెండుసార్లూ గోడనే లెక్కపెట్టాను. మనుషుల్ని కాదు.

2.35కి తడిసిన కుక్క ఒకటి హాల్లోకి వచ్చింది. అరవై ఏళ్ల ఒకావిడ లేచి నిలబడింది.

“ఇది మా పక్కింటాయనది. గొలుసు విప్పి వస్తానన్నాడు. తన బిళ్ల నన్ను తగిలించమన్నాడు. మేం ఒకరిది ఒకరం తగిలిస్తూనే ఉంటాం కదా.”

రేడియో అందుకున్నాను. “బోటు వెనక్కి పిలువు. ఒకరు తక్కువ.”

కాసేపు గరగర. “ఫామ్‌లో పిల్లల్ని ఎక్కిస్తున్నారు. యాభై నిమిషాలు పడుతుంది.”

“నేను నడిచి వెళ్తా.”

“పిచ్చా? తల మునిగే నీళ్లు. కదలొద్దంటున్నాడు మేజర్.”

రెండు మెట్లు దిగాను. నాతో హాల్లో ఉన్న కార్పొరల్ నా బెల్టు పట్టి వెనక్కి లాగాడు.

బోటు 3.27కి వచ్చింది. 3.40కి ఆ ఇల్లు చేరాం. వంటింటి తలుపుకు ఫ్రిజ్ అడ్డం పడి ఉంది. ఆయన దాని వెనక ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్లు. నాడి చూడడానికి ఒక నిమిషం చాలు. నేను నాలుగు నిమిషాలు చూశాను.

తప్పు నాదేనని రిపోర్టులో రాశాను. “బిళ్లలన్నీ ఉన్నాయి, ఎవరైనా అదే చెప్పేవారు” అన్నాడు మేజర్. శిక్ష లేదు. 19న డార్విన్ తిరిగొచ్చాను. తర్వాతి సోమవారం పరీక్ష రాశాను, పాసయ్యాను.

యాభై ఒక్క ఏళ్లయింది. ఆయన ముఖం ఇప్పుడు సరిగా గుర్తు రాదు. ఆ వంటింటి బీరువా పైభాగం గుర్తుంది. నీళ్లు అక్కడి దాకా రాలేదు. దాని మీద ఆయన బూట్లు, పక్కపక్కన. మేజోళ్లు చుట్టి లోపల పెట్టుకున్నాడు. హాలుకు పొడి బూట్లతో రావాలనుకున్నాడు.