ఇందుకూరుపేట దాటిన బస్సు

పంతొమ్మిదివందల అరవైలలో ఒక మధ్యాహ్నం మైపాడు నుంచి నెల్లూరు పోయే బస్సులో నా పక్కన ఒక మిషన్ ఆసుపత్రి నర్సు కూర్చుంది. నాకన్నా పెద్దది. ముందటేడు చర్చివాళ్ళు ఆమెను కెనడా పంపించారట.

"అక్కడ ఏం చేసినారక్కా?" అని అడిగాను.

"మన రోగుల కష్టాలు చర్చిల్లో చెప్పమన్నారు, చెప్పినా. ఒకరోజు ముసలివాళ్ళ ఆశ్రమానికి తీసుకుపోయినారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని సాయంత్రందాకా వదల్లేదు. ఆమెకు మందుకూ తిండికీ ఏ లోటూ లేదమ్మా, పక్కన కూర్చునే మనిషే లేదు. నేనూ ఇక్కడ మందిచ్చి వెళ్ళిపోయేదాన్నే గదా అనిపించింది."

కాసేపటికి వెనక సీట్లో చేపలమ్ముకునే ముసలామె జ్వరంతో పక్కకు ఒరిగిపోయింది. ఒంటరిగా నెల్లూరు పెద్దాసుపత్రికి పోతోందట. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి దూరంగా జరిగారు. నర్సు వెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

ఇందుకూరుపేటలో నర్సు దిగాలి. కండక్టరు పిలిచినా లేవలేదు. "నెల్లూరుదాకా టికెట్టు కొట్టన్నా" అంది.

బస్సు కదిలింది. కుదుపులకు ముసలామె కాళ్ళు సీటు మీంచి జారిపోతున్నాయి. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. చేపలమ్మేవాళ్ళు తాకిన చెంబును మా అత్తగారు కడగనిదే లోపలికి తెచ్చేవారు కాదు. నేను లేచి వెళ్ళి, ఆ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ముసలామె కళ్ళు తెరిచి, "ఎవురు బిడ్డా మీరు?" అంది.

నర్సు నా వైపు చూసింది.

"మీవాళ్ళమేలే అవ్వా, పడుకో" అన్నాను.