పాప ఆకు

మా చిన్నమ్మ పోయిందని కుప్పం నుంచి ఫోన్ వచ్చేసరికి, పుంగనూరులో నేను అమ్మకు జడ వేస్తున్నాను. ఎవరని అమ్మ అడిగింది. చెప్పాను. గుండెలు బాదుకుని ఏడ్చింది. కాసేపటికి కాఫీ తాగి, "పాప ఈ వారం వస్తానని చెప్పింది గదా, యాల రాలేదు?" అంది. చెల్లెల్ని ఈ వయసులోనూ పాప అనే పిలుస్తుంది.

చిన్నమ్మ మదనపల్లెలో డిగ్రీ చదివింది. ఉద్యోగమంతా బెంగళూరు ల్యాబులో, మతిమరుపు జబ్బు మీద పరిశోధన. మెదడులో వచ్చే వాపే ఆమె లోకం. నాకు అర్థం కావాలని ఒకసారి బెణికిన తన కాలు చూపించింది. "ఈ వాపు నాలుగు దినాల్లో తగ్గిపోతాది. మెదడులో వాపు తగ్గకుండా నిలిస్తేనే చిక్కు. కాపలా ఉండాల్సిన కణాలే మంచి కణాల్ని తినేస్తాయి."

ఒక మందుతో ల్యాబు ఎలుకల్లో ఆ వాపు తగ్గించగలిగింది. అప్పుడు ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అదే మందు మనుషుల్లో పనిచేయలేదు. పైకి నవ్వేసింది గాని, చాలా రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ తర్వాతే అమ్మకు అదే జబ్బని తేలింది. అమ్మ ఊరుకుంటుందా?

"ఇంత సదువు సదివితివే, నాకొక మాత్ర ఇయ్యలేవా పాపా?"

"లేదక్కా. ఇంకా కనిపెట్టలేదు."

ఒక తియ్యటి అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయిందని నేను పోట్లాడాను. "జబ్బొచ్చినోళ్ళకు మాయమాటలు చెప్పకూడదమ్మా. ఎన్నిసార్లు అడిగినా నిజమే చెప్పాల," అంది. రిటైరై కుప్పంలో ఉంటున్నప్పుడు వారం వారం బస్సెక్కి వచ్చేది. బస్సు ఎంత ఆలస్యమైనా అమ్మ తినకుండా కూర్చునేది. ఆ మనిషి మాటను మేము ఎన్నడూ అనుమానించాల్సిన పని పడలేదు. అందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు, నిజమే చెప్పాలన్న ఆ మాటే నాకు బరువైంది. అమ్మ అడిగినప్పుడల్లా నిజం చెప్పాను. ప్రతిసారీ అమ్మకు చెల్లెలు అప్పుడే చచ్చిపోయింది. ఇంక నా వల్ల కావడం లేదు.

చిన్నమ్మకు పిల్లల్లేరు. పెద్దకర్మ మా ఇంట్లోనే చేశాం. ఫొటో ముందు ఆకు పరిచి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించాం: రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, ఓళిగలు. అమ్మ వచ్చి ఆ ఆకు పక్కనే కూర్చుంది.

"ఈడ కూర్చోకూడదక్కా," అన్నాడు అమ్మ తమ్ముడు, మా మామ.

"నాకు తెలీదా? ఇది పాప ఆకు. కుప్పం బస్సు లేటైనట్టుండాది." నా వైపు తిరిగింది. "వస్తాండాదా?"

ఫొటోలోంచి చిన్నమ్మ నన్నే చూస్తోంది.

అమ్మ ఇంకొక ఆకు అందుకుని సంగటి మీద కప్పింది. వేడి ఆరిపోకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని, వాకిలి వైపు చూస్తూ కూర్చుంది.