బట్టల స్టాండుకు కాసిన జామకాయలు

మా టీచరమ్మ ఇరవై రెండేళ్లుగా మూడేళ్ల పిల్లలకు ఆ పాఠం చెబుతూ వచ్చింది, మనం తినేవాటిలో ఏవేవి చెట్టుకు కాస్తాయని. పుస్తకం ముట్టేది కాదు. బడి పెరట్లో జామచెట్టు ఉండేది. ఒక్కొక్కరినీ ఎత్తుకుని కాయ తెంపించేది. వాటిని కడిగి, ముక్కలు కోసి పెట్టడం ఆయాగా నా పని.

పోయిన వేసవి సెలవుల్లో, బస్సు నిలుపుకోవడానికని బడివాళ్లు ఆ చెట్టు కొట్టించారు. వాళ్ల చేతులు పడిపోను! బడి తెరిచిన రోజు చూస్తే అక్కడ సిమెంటు నేలే మిగిలింది.

"చెట్టు లేదని పాఠం మానేస్తామా ఆయమ్మా? ఏదో ఒకటి చేద్దాం" అంది టీచరమ్మ మర్నాడు.

ఆ ఏదో ఒకటి నా బుర్రలోనే పుట్టింది. తలుపు వెనకున్న బట్టల స్టాండుకు ఆకుపచ్చ గుడ్డ చుట్టి, బజారు జామకాయలకు దారం కట్టి వేలాడదీశాను. పిల్లలు తెంపుకుని కేరింతలు కొట్టారు. నేనూ మురిసిపోయాను. ఏడ్చినట్టుంది నా తెలివి! ఇక రోజూ పొద్దున్నే పిల్లల ముందే కాయలు కట్టేదాన్ని.

చలికాలంలో ఆఫీసరమ్మ వచ్చింది. మా తరగతి ఉంచాలా, ఎత్తేయాలా తేల్చేది ఆవిడే. ముందురోజు నుంచీ టీచరమ్మకు అన్నం సహించలేదు.

"జామకాయ ఎక్కడ కాస్తుంది?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"చెట్టుకి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో ఆగితే ఆవిడ ఆఫీసరెందుకవుతుంది? "మరి చెట్టుకి కాయలుండాలంటే ఏం కావాలి?"

నీళ్లంటారనుకున్నాను. మా వసపిట్ట, ఆగకుండా వాగే చిట్టిది, చెయ్యెత్తింది.

"దారం! ఆయమ్మ దగ్గరుంది. గట్టిగా ముడెయ్యాలి, లేకపోతే పడిపోతాయి."

ఆఫీసరమ్మ నవ్వలేదు, రాసుకుంది. టీచరమ్మ దాన్ని దగ్గరకు తీసుకుని, "తప్పు నీది కాదమ్మా" అంది. నావైపు చూడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండా తరగతి ఎత్తేశారు. ఆఖరి రోజు టీచరమ్మ పిల్లలందరి తలలూ నిమిరి, సంచి పట్టుకుని బయల్దేరింది. నేను స్టాండుకున్న ముడులు విప్పుతుంటే వసపిట్ట వచ్చి నా కొంగు లాగింది.

"ఆయమ్మా, కొంచెం దారం ఇవ్వవా? మా ఇంట్లో చెట్టు చేసుకుంటా."

దారపు ఉండ మొత్తం దాని చేతిలో పెట్టేశాను. దారానికి కాయలు కాయవే తల్లీ అని చెప్పాల్సిన మనిషి అప్పటికే గేటు దాటిపోయింది.