బాపు పాతిపెట్టిన జాడీ

మాది సిరిసిల్ల దగ్గర ఊరు. మా బాపు మగ్గం నేసేవాడు. నేను పుట్టిన ఏడు ఇప్పపువ్వు విరగబూసిందట. ఆ పువ్వుతో కాచిన సారాను జాడీలో పోసి, మూతికి మైనం పెట్టి, పెరట్లో పాతిపెట్టాడు, నా పెళ్లికి తీయాలని. "గంత పాత సరుకు ఎవ్వలింట్ల ఉండది" అని మురిసిపోయేవాడు.

నాకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి అడవిలోని నక్సలైట్ అన్నలు ఊళ్లో సారా బంద్ చేయించారు. పోలీసుల గస్తీ కూడా ఎక్కువైంది. అయినా పెళ్లిరోజు పొద్దున బాపు గడ్డపార పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. సగం తవ్వాడో లేదో పోలీసులు వచ్చిపడ్డారు.

"తుపాకులు ఏడ దాసినవ్?"

"తుపాకులు కావు సార్. బిడ్డ పెండ్లికి పెట్టిన సారా."

నమ్మలేదు. బాపు కుడిచేతి మీద లాఠీలు పడ్డాయి. జాడీ బయటపడ్డాక కోపంతో దాన్ని పగలగొట్టారు. పందిరంతా ఇప్పపువ్వు వాసన. పసుపుబట్టల్లో నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఇంకేం దాచాడో చెప్పాలంటూ జీపు దగ్గరికి నెడుతుంటే, బాపు వంగి తడిమన్నులో వేలు అద్ది నాలుకకు రాసుకున్నాడు.

"మంచిగైంది బిడ్డా" అన్నాడు నావైపు చూసి.

కన్యాదానం చిన్నాయన చేశాడు. బాపు నాలుగోరోజు ఇల్లు చేరాడు. ఆ చెయ్యి మళ్లీ మగ్గం మీద ఆడలేదు.

ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా నేను పెళ్లికూతుర్ని చూడను. కన్యాదానం చేసే తండ్రి కుడిచేతినే చూస్తుంటాను.