పద్నాలుగో పుస్తకం దగ్గర ఆగిన పడవ

2023, వానాకాలం. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక టైలరు దుకాణం మీది అంతస్తులో నా అద్దె పుస్తకాల లైబ్రరీ. మెట్లు పదిహేడే. కానీ ఎక్కినవాళ్ల ఆయాసం చూస్తే పాలకుర్తి గుట్ట మూడుసార్లు ఎక్కి దిగారనుకోవాలి. గది పొడవు పన్నెండు అడుగులు. నేను మాత్రం అందరితో ‘హాలు’ అనే చెబుతాను.

డాక్టరుకు స్టెతస్కోపులాగా మాకు ఇష్యూ స్లిప్పు. పుస్తకం చివరి పేజీకి అంటించే కాగితం అది. పుస్తకం ఎవరింటికైనా వెళ్లినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర కొడతాం. స్లిప్పు నిండితే పుస్తకం బతికున్నట్టు, తెల్లగా ఉంటే పోయినట్టు. పోయినవాటిని ఏరి తీసేయడాన్ని వీడింగ్ అంటారు, అంటే కలుపు తీయడం. పేజీ కూడా తిప్పకుండా, స్లిప్పు చూసి మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వగల ధన్వంతరిని నేను.

ఆ ఏడు నా కత్తి ఒక జపాను బొమ్మల కథ మీద పడింది. వాటిని మాంగా అంటారు, కుడి నుంచి ఎడమకు చదవాలి. నది దాటించే ఒక పడవవాడి కథ, ఇంగ్లీషు అనువాదం, మొత్తం నలభై ఆరు పుస్తకాలు. కొన్నేళ్ల కిందట ఒక హాస్టలు ఖాళీ చేస్తుంటే సెట్టంతా దొరికింది. ఆటోలో వేసుకొస్తే బరువుకు ముందు చక్రం గాల్లోకి లేచి, చౌరస్తా దాకా మేం గుర్రం మీద వచ్చినట్టే వచ్చాం. మొదటి పద్నాలుగు పుస్తకాల స్లిప్పుల మీద ముద్రలు చీమల బారుల్లా ఉన్నాయి. పదిహేను నుంచి ఒక్క చీమ లేదు. పద్నాలుగుతో సరుకు అయిపోయింది, తరవాతదంతా సాగదీత అని తీర్పు చెప్పి, మిగతా ముప్పై రెండింటినీ అట్టపెట్టెలో సర్దేశాను. శనివారం హైదరాబాదు నుంచి పాత పుస్తకాల వ్యాపారి వచ్చి పట్టుకుపోవాలి.

గురువారం యాకూబ్ భాయ్ వచ్చాడు. ఒకప్పుడు ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన చేత్తో రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఇంగ్లీషు రాదు, బొమ్మలే చదువుతాడు. ఉర్దూ చదివిన మనిషి కాబట్టి అందరూ తడబడే ఆ కుడివైపు మొదలు ఆయనకు సొంతింటి గుమ్మం. పుస్తకం ఇంటికి తీసుకెళ్లడు. కిటికీ పక్కన స్టూలు మీదే కూర్చుంటాడు. అందుకే ఆయన చదువు ఏ స్లిప్పులోకీ ఎక్కలేదు.

“ముప్పై ఎనిమిది ఏది, రాజన్నా?”

“పెట్టెల ఉంది భాయ్. శనివారం పోతాంది. ఎవ్వలు చదువుతలేరు.”

“నేను మనిషిని గానా? ఇంక తొమ్మిదే ఉన్నయ్. పడవోడు ఇంటికి చేరుతడో లేదో తెల్వకుండ నాకు బువ్వెట్ల దిగుతది?”

“మంచిగుంటే స్లిప్పు నిండకపోవునా? కథ సల్లవడ్డది, భాయ్.”

“సల్లవడ్డదా! జర ఆగు.”

అరలోంచి మూడో పుస్తకం, పెట్టెలోంచి ముప్పై ఏడో పుస్తకం తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన తెరిచాడు. రెండింట్లోనూ అదే రేవు, అదే వాన. మూడో దాంట్లో మెరుపులు, సుడిగుండాలు, అరుస్తున్న పడవవాడు. ఒక్కో చినుకు విడివిడిగా లెక్కకు నిలబడింది. ముప్పై ఏడో దాంట్లో పేజీ అంతా ఖాళీ. కొయ్యకు కట్టిన ఒక తడిసిన తాడు. అంతే.

“మూడోదాంట్ల గింత వాన ఎందుకు గీసిండు? చూసెటోడు నమ్ముతడో లేదో అని భయం. నీ బోర్డు మీద నేను గియ్యలే? సూర్యుడు, రెండు చిలకలు, కాకతీయ తోరణం, మల్ల ఒక హంస. కొత్త చెయ్యి ఖాళీ చూస్తే వణుకుతది.”

“మరి గీ తాడేంది?”

“మూడోదాంట్ల వాళ్ల నాయిన పేనిండు గీ తాడు. ఇరవయ్యోదాంట్ల నాయిన పోయిండు. ఇప్పుడు పడవ సుత లేదు, తాడే ఉంది. గిదే బొమ్మ మూడోదాంట్ల గీస్తే ఎవడన్న ఏడుస్తడా? ఆయన గిన్నేండ్లు గీసి, మనం గిన్ని బుక్కులు ఆయన ఎంబడి నడిస్తెనే తాడుకు బరువొచ్చింది.”

నా కంట్లో ఏదో పడింది. ఆ తాడే అయ్యుంటుంది. అయినా ధన్వంతరి ఊరికే ఓడిపోడు.

“మరి అందరు పద్నాలుగు కాడ్నే ఎందుకాగిన్రు?”

“ఆపింది నువ్వే గదా!”

పదిహేనో పుస్తకం తీసి, నా స్లిప్పు అంటించిన పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. స్లిప్పు వెనక పది మొహాలు, మొహం కింద పేరు, అప్పటిదాకా జరిగిన కథ లీలగా కనిపించాయి. నా పిడుగుపాటు లాంటి తెలివి అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ నలభై ఆరింటికీ చివరి పేజీకి స్లిప్పు అంటించాను. కుడి నుంచి చదివే పుస్తకానికి అది మొదటి పేజీ. ‘కుడి నుంచి చదవండి’ అని గోడ మీద రాసి పెట్టింది కూడా నేనే! మొదట్లో కథలో ఐదుగురే, ఎవరికీ ఇబ్బంది రాలేదు. పదిహేను దగ్గర కథ పదేళ్లు ముందుకు దూకుతుంది, అందరికీ గడ్డాలూ నెరిసిన జుట్టూ. ఎవరు ఎవరో చెప్పే పేజీని నేను మూసేస్తే, పాఠకులు రేవులోనే దిగిపోయారు.

“నాకెందుకు చెప్పలే భాయ్?”

“దుకాన్ నీది, బంక నీది. ఏదో రివాజు అనుకున్న.”

ఆ సాయంత్రం పుస్తకాలన్నీ ఇంటికి మోశాను. మైదాపిండి బంక ఆవిరి తగిలితే వదులుతుంది. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి స్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీసి అవతలి అట్ట లోపలికి అంటిస్తుంటే మా ఆవిడ సరోజ గుమ్మంలో నిలబడి చూసింది.

“పెండ్లయి ఇరవై ఆరేండ్లకు వంటింట్లకొచ్చినవ్. గది సుత కాయితాలు ఉడకవెట్టెతందుకు!”

శనివారం వచ్చిన వ్యాపారికి చాయ్ తాగించి, ఖాళీ చేతులతో పదిహేడు మెట్లూ దింపాను. తరవాతి వారం యాకూబ్ భాయ్ నలభై ఆరో పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టాడు. “చేరిండా, భాయ్?” అంటే, “నీకు కండ్లు లెవ్వా? చదువుకో” అన్నాడు. చదువుకున్నాను. చలికాలానికల్లా ఆఖరి పుస్తకం స్లిప్పు మీద కూడా చీమలు బారులు తీరాయి.

అప్పటినుంచి ఏ పుస్తకమూ చల్లారిందని నేను తొందరపడి చెప్పను. దాని నోరు మూసింది నేను కాదు కదా అని ముందు చూసుకుంటాను.

ఆ చలికాలమే భాయ్ తనంతట తానే అటక మీది కుంచెలు దించి, నా బోర్డు మళ్లీ రాస్తానన్నాడు. రెండు రోజులు గీశాడు. కిందికి దిగి చూస్తే బోర్డంతా లేత నీలం. ఒక మూల చిన్న అక్షరాల్లో లైబ్రరీ పేరు, పక్కన సగం తెరిచిన పుస్తకం. చిలకలు ఎగిరిపోయాయి, హంస ఎటు ఈదిందో తెలియదు.

“గింత ఖాళీనా భాయ్?” అన్నాను బిక్కమొహం వేసి.

“ఇరవై రెండేండ్ల సంది ఊరందరికి నువ్వు ఎరుకే గదా, రాజన్నా,” అన్నాడు కుంచె తుడుచుకుంటూ. “ఇంక చిలకలెందుకు?”