చేలో కాలిదారి

పొగమంచు విడీవిడని ఉదయాల్లో, డెబ్బై దాటిన మురియల్ ప్రీస్ ఇంగ్లండులోని హెరెఫర్డ్‌షైర్ చేలకు అడ్డంబడి నడుస్తుంది. ఏ గేటు దాటినా గొళ్ళెం పెట్టి, రెండుసార్లు లాగి చూసిగాని కదలదు. రైతు బీవన్ గోధుమ చేలోంచి పోయే కాలిదారి ఊరందరిదీ. అతను ఏటా దాన్నీ కలిపి దున్నేస్తాడు. ఆమె ఏటా చర్చి శిఖరం గురి చూసుకుని, మెత్తని దుక్కిలో కలలో నడిచినట్టు నడిచి దాన్ని మళ్ళీ వేస్తుంది. "గట్టెంట పోతే కాళ్ళరిగిపోతాయా అమ్మగారూ?" అంటాడతను ట్రాక్టరు మీంచి. "నడవకపోతే దారి చచ్చిపోతుంది బాబూ," అంటుంది ఆగకుండానే.

ఈ ఏడు దుక్కి అయ్యీ కాకముందే తుంటి ఆపరేషనై, ఆమె రెండు నెలలు ఇల్లు కదల్లేదు. తీరా వచ్చి చూస్తే, పచ్చటి మొలకల మధ్య శిఖరం వైపే తిన్నగా దారి, దాని నిండా పెద్ద బూట్ల అచ్చులు. "కుందేళ్ళను తోలడానికి తిరిగాలెండి," అన్నాడు బీవన్ ఎటో చూస్తూ.

"తిన్నగా పరిగెత్తే కుందేళ్ళన్నమాట," అంటూ మురియల్ మొదటి అచ్చులో కాలు పెట్టింది.